ఏడికి అని అడిగితే

తమ్ముడు శీను భూపాలపల్లి నుంచి ఫోన్ చేసి, ఆదివారం కారు తీసుకుని వస్తాను, బాపును నాలుగు రోజులు మా దగ్గర ఉంచుకుంటాను, నువ్వు కూడా బట్టలు సర్దుకో అక్కా అన్నప్పుడు నాకు వెంటనే సరే అనబుద్ధి కాలేదు. అమ్మ పోయి ఏడాది దాటింది. ఆ ఏడాదంతా బాపు జనగామలోని మా ఇంటి గేటు దాటలేదు. సంవత్సరీకం అయ్యేదాకా ఎక్కడికీ కదలనని ముందు తనే నియమం పెట్టుకున్నాడు. అది కాగానే ఎండలు అన్నాడు. ఎండలు తగ్గాక మోకాళ్లు అన్నాడు. మోకాళ్లకు నూనె రాసి కాపడం పెడితే, రోజులు బాగలేవన్నాడు. మనవడు మా పక్కనే చెల్పూరు కరెంటు ప్లాంటులో పనిచేస్తున్నాడు, ఆ పొగగొట్టాలు ఎంత ఎత్తున్నాయో చూద్దువుగాని రమ్మని శీను ఆశపెట్టాడు. బాపు ఆ మాట విని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎడ్ల అంగళ్లనీ జాతరలనీ కాలికి బలపం కట్టుకుని తిరిగిన మనిషి ఈసారి కదలకపోతే ఇక ఎన్నటికీ కదలడేమోనని నాకు భయం పట్టుకుంది.

శీను మనసులో ఇంకో ఆలోచన కూడా ఉంది. నేరుగా భూపాలపల్లి వెళ్లకుండా మానుకోట మీదుగా కొత్తగూడ వెళ్లి, అక్కడ ఒక పూట ఆగి, ఆ తరువాత చెల్పూరు చేరదామన్నాడు. కొత్తగూడ అవతల అడవి అంచున ఉన్న చిన్న ఊరు మా అమ్మ పుట్టిల్లు. చుట్టు తిరుగుడే, అయినా బాపు వస్తే ఆ ఊరికోసమే వస్తాడని వాడి నమ్మకం. సరే, చూద్దామనుకుని శనివారం పొద్దున బాపు తెల్ల చొక్కా ఇస్త్రీ చేశాను. తలుపు వెనక మేకుకు తగిలించబోయి, చెయ్యి ఆగిపోయి, మంచం మీద పెట్టాను. మేకుకు వేలాడే బాపు చొక్కాకు మా ఇంట్లో ఒక అర్థం ఉంది. అది చెప్పాలంటే జనగామ దగ్గర తరిగొప్పులలోని మా చిన్ననాటి ఇంటికి వెళ్లాలి, ఆ ఇంటి ఎదురుగా అరుగు మీద కూర్చునే రాజవ్వ దగ్గరికి వెళ్లాలి.

మా చిన్నప్పుడు ఏడాదికి ఒకసారి, ఎండాకాలం సెలవుల్లో, రెండు రోజులు అమ్మమ్మ ఇంటికి వెళ్లేవాళ్లం. అంతకన్నా ఎక్కువ రోజులు కుదిరేది కాదు. ఎడ్లకు నీళ్లు పెట్టడానికీ బావి దగ్గర చూసుకోవడానికీ మా చిన్నాన్న రెండు రోజులే ఒప్పుకునేవాడు. ఆ రెండు రోజులు మంగళవారం, శుక్రవారం తగలకుండా బాపు చూసుకునేవాడు. అవి తప్పిపోయాయంటే చిన్నాన్నకు ఆయన పనులు, మాకు మా పనులు, మళ్లీ ఎండాకాలం దాకా మాటే లేదు. అందుకని ఆ రెండు రోజులు అమ్మకు ఏడాదంతటికీ పండుగ. నాలుగు రోజుల ముందునుంచే ఇల్లంతా వేయించిన నువ్వుల వాసన. అమ్మమ్మకు నువ్వుల ముద్దలు, మామకు కందిపప్పు, తోవలో తినడానికి జొన్న రొట్టెలు, వెల్లుల్లి కారం. రొట్టెలను పాత ధోవతి ముక్కలో నాలుగు మూలలూ కలిపి మూటగట్టేది. పెట్టె అడుగునుంచి తన ఆకుపచ్చ చీర తీసినప్పుడు తుంగగడ్డల వాసన గుప్పుమనేది. ఆ వాసన తగిలితే శీను చదివే పుస్తకం మూసేసి ఎగిరేవాడు. బాపు మాత్రం అటూ ఇటూ తిరుగుతూ చెప్పులకు ఆముదం రాసి మెత్తబరిచేవాడు. ఆయన దిగులంతా ఒకే ఒక్క మాట గురించి.

ఆ మాట ‘ఏడికి’. బయలుదేరిన మనిషిని ఏడికి పోతున్నవని అడగకూడదు. అది తోవకు అడ్డం పడటం. తెలిసిన పెద్దవాళ్లు ‘దూరమేనా?’ అని అడుగుతారు, మనం ‘ఆఁ’ అని తల ఊపి సాగిపోవచ్చు. కానీ ఎవరైనా నోరుజారి ఏడికి అన్నారంటే బాపు అక్కడికక్కడే వెనక్కి తిరిగేవాడు. ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, మంచం మీద కూర్చుని, చెంబెడు నీళ్లు తాగి, కాసేపాగి మళ్లీ లేచేవాడు. అప్పుడు రెండోసారి అడిగితే ఇక అంతే. చొక్కా విప్పి మేకుకు తగిలించేవాడు. చొక్కా మేకెక్కిందంటే ఆ ఏటికి ప్రయాణం లేనట్టే. అమ్మ ఆకుపచ్చ చీర మడతబెట్టి పెట్టెలో పెట్టేది. రొట్టెల మూట విప్పి మాకే పెట్టేది. ఇంట్లో కూర్చుని ప్రయాణపు రొట్టె తినడమంత ఏడుపు నాకు ఇంకోటి గుర్తులేదు.

రాజవ్వ చెడ్డ మనిషి కాదు. అరుగు మీద కూర్చుని చుట్ట తాగుతూ, ఎదుట ఎవరు కనబడితే వాళ్లను ఏడికి అని అడిగేది. మనకు ఆవలింత వచ్చినట్టు ఆమెకు ఆ మాట వచ్చేది. కొడుకులు లేరు, కూతురు చాలా దూరాన ఉంది, వీధిలో పోయేవాళ్లే ఆమెకు కాలక్షేపం. ఆమె కంట పడకుండా ఊరు దాటడానికి బాపు పడని పాట్లు లేవు. నన్ను ముందు పంపి, ఆమె అరుగు మీద ఉందో లేదో చూసి రమ్మనేవాడు. ఒక ఏడు దొడ్డివైపు కంప దాటించి, అమ్మ చీర చిరిగేదాకా తెచ్చాడు. ఇంకో ఏడు ఇంకా తెలివిగా, ముందురోజే ఆమెకు నాలుగు అప్పాలు పంపి, రేపు మేము మానుకోట రైలెక్కి కొత్తగూడ పోతున్నాం, ఎల్లుండి వస్తామని మొత్తం చెప్పించాడు. ఇక అడగడానికి ఏం మిగలదని ఆయన ధీమా. మరునాడు మేము గడప దాటగానే రాజవ్వ నోట్లోంచి చుట్ట తీసి, “ఏడికి, కొత్తగూడకేనా?” అంది. బాపు ముఖం చూసి మా ఇద్దరికీ నవ్వు ఆగలేదు, ఇద్దరికీ చెరొక దెబ్బ పడింది.

నేను నాలుగో తరగతి పూర్తి చేసిన ఎండాకాలం మాత్రం నవ్వులాట కాదు. అమ్మమ్మ మంచం పట్టిందని, బిడ్డను ఒకసారి చూడాలని అడుగుతోందని మామ ఎవరితోనో కబురు పంపాడు. అమ్మ ఆ కబురు విన్నప్పటినుంచి అన్నం సరిగా తినలేదు. చిన్నాన్నను ఒప్పించి, రోజు చూసుకుని, తెల్లవారక ముందే బయలుదేరాం. రాజవ్వ ఇంకా లేవలేదు. వీధి దాటాం, అమ్మ ఊపిరి పీల్చుకుంది. ఊరి బయట గొర్లు తోలుకుపోతున్న ఒకతను ఎదురై, పొద్దున్నే ఏడికి అన్నాడు. పాపం అతనికేం తెలుసు! బాపు వెనక్కి తిరిగాడు. మేమూ తిరిగాం. మంచం మీద కూర్చున్నాడు, నీళ్లు తాగాడు. జనగామ బస్సుకు ఇంకా పొద్దుంది. అమ్మ లోపలికి వెళ్లి ఏదో సర్దుతుండగా బాపు లేచి, తోవ ఖాళీగా ఉందో లేదో చూడటానికి కాబోలు, ఒక్కడే వాకిలి దాటి వీధిలోకి నడిచాడు. అమ్మను విడిచిపెట్టి వెళ్లిపోతున్నాడేమోనని నాకు కంగారు పుట్టింది. గడపలో నిలబడి, “బాపూ, ఏడికి పోతున్నవ్? అమ్మ ఇంక రాలే” అని అరిచాను.

ఆ మాట నా నోటినుంచి వచ్చిందని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. బాపు ఆగి, నావైపు చూశాడు. కోపం కూడా చెయ్యలేదు, దానికే నాకు ఎక్కువ భయమేసింది. ఇంట్లోకి వచ్చి చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. పొద్దు ఎక్కుతోంది. నేను తలుపు మూలన నిలబడి, అమ్మమ్మ చచ్చిపోతే అది నావల్లే అనుకుంటూ ఏడుస్తున్నాను. అమ్మ లోపలినుంచి వచ్చి మేకువైపు చూసింది, నావైపు చూసింది. ఎప్పటిలాగే చీర మార్చుకోవడానికి లోపలికి వెళుతుందనుకున్నాను. వెళ్లలేదు. సంచి భుజాన వేసుకుంది. శకునం బాగలేదు, ఇప్పుడు పోవద్దని బాపు అన్నాడు. అమ్మ నా తల మీద చెయ్యి వేసి, గొంతు పెంచకుండా అంది:

“నా బిడ్డ నోటెంబడి వచ్చిన మాట. అది నాకు చెడు ఎట్ల జేస్తది?”

అమ్మ మా ఇద్దరి చేతులూ పట్టుకుని గడప దాటింది. అప్పటిదాకా అమ్మ బాపు లేకుండా జనగామ కూడా వెళ్లలేదు. రైలు టికెట్టు ఎక్కడ తీసుకుంటారో ఆమెకు తెలియదు, అక్షరం రాదు. ఆ సంగతులన్నీ ఇప్పుడు తలచుకుంటున్నాను. అప్పుడు మాత్రం ఆ చేతి పట్టు ఒక్కటే తెలిసింది. రాజవ్వ లేచి అరుగు ఊడుస్తోంది. చీపురు ఆపి ఎప్పటి మాటే అంది, ఏడికే లచ్చమ్మా, పిల్లలను తీసుకొని అని. అమ్మ ఆగింది. ఆమె ఎదురుగా వెళ్లి నిలబడింది.

“మా అవ్వకు పానం బాగలేదు అత్తా. చూడవోతున్న. కొత్తగూడకు.”

రాజవ్వ చేతిలో చీపురు అట్లాగే ఉండిపోయింది. ఇన్నేళ్లలో ఆమె ప్రశ్నకు నిలబడి జవాబు చెప్పిన మనిషి అమ్మే అయ్యుంటుంది. అందరం ఆమెను చూసి ముఖం తిప్పుకునేవాళ్లం, లేదా వెనక్కి తిరిగేవాళ్లం. జర ఆగు అని లోపలికి వెళ్లి, కొంగులో నాలుగు నిమ్మకాయలు తెచ్చి అమ్మ సంచిలో వేసింది. తోవలో పిల్లలకు కడుపులో తిప్పితే వాసన చూపించమంది. బస్సు ఆగేచోటిదాకా మాతో నడిచి వచ్చింది. బస్సు వచ్చేదాకా తన తల్లి గురించి చెప్పింది. తల్లి పోయేటప్పుడు తను చూడలేకపోయిందట. అది మేము ఎరగం. ఎప్పుడూ ఆమె మమ్మల్ని అడగడమే కానీ, మేము ఆమెను ఏదీ అడిగింది లేదు.

ఆ రోజు తోవ పొడుగునా అందరూ అదే ప్రశ్న అడిగారు. బస్సులో పక్కనున్న ఆమె అడిగింది, స్టేషన్లో టీ అమ్మే అతను అడిగాడు, రైలులో మిరపకాయ బస్తా మీద కూర్చున్న ముసలాయన అడిగాడు. అమ్మ ప్రతివాళ్లకూ మొదటినుంచి చివరిదాకా చెప్పింది. అవ్వకు బాగలేదు, మానుకోటలో దిగి బస్సెక్కాలి, గూడూరు మీదుగా కొత్తగూడ పోవాలి. టీ అతను మమ్మల్ని టికెట్టు కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. ముసలాయన బస్తా జరిపి శీనును కూర్చోబెట్టాడు. బాపుకు కాలిలో ముల్లయిన ఆ మాట అమ్మకు ఆ రోజు చేతికర్ర అయింది. స్టేషను స్టేషనుకూ బోర్డు చదివే పని నాది. ఘనపూర్, కాజీపేట, వరంగల్, నెక్కొండ, కేసముద్రం అని గట్టిగా చదువుతూ మానుకోట కోసం చూస్తున్నాను. ఒకచోట రైలు ఆగింది. బోర్డు మీద మహబూబాబాద్ అని ఉంది. ఇది కాదమ్మా అన్నాను, చదువుకున్నదాన్ననే ధైర్యంతో. అమ్మ కిటికీలోంచి చూసి, చింతచెట్టూ దాని కింద కొట్టమూ గుర్తుపట్టి, అనుమానంగానే ముసలాయనను అడిగింది. ఆ రెండూ ఒకటే ఊరు, దిగండని ఆయన తొందరపెట్టాడు. రైలు కదిలేలోపు దిగి పడ్డాం. తరువాత ముప్ఫై ఏళ్లు బడిలో పిల్లలకు చదువు చెప్పాను. ఆ బోర్డు ముందు నా చదువు చాలని సంగతి మాత్రం మరిచిపోలేదు.

పొద్దు గుంకే వేళకు ఊరు చేరాం. అమ్మమ్మ వాకిట్లో మంచం మీద ఉంది. చుట్టూ చాపల మీద ఆరబోసిన ఇప్పపువ్వు, ఆ తీపి వాసన ఊరంతా. అమ్మను చూసి లేవబోయి లేవలేక, చెయ్యి మాత్రం చాపింది. అమ్మ ఆ చెయ్యి తన చెంపకు ఆనించుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, బతికుందని. మామ పోడు చేను నుంచి వచ్చి, బావ ఏడి అని అడిగాడు. ఎడ్లకు బాగలేదని అమ్మ అబద్ధం చెప్పింది. సద్దిమూట కోసం సంచిలో వెతికితే కనబడలేదు. తొందరలో ఇంట్లోనే వదిలేసింది. దారిపొడుగునా ఇతరులు పెట్టినవి తింటూ వచ్చాం కాబట్టి ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియలేదు.

మరునాడు మిట్టమధ్యాహ్నం మేము చెట్టు కింద తునికి పండ్లు తింటున్నాం. దుమ్ముకొట్టుకుపోయిన తెల్ల చొక్కాతో బాపు వచ్చాడు. చంకలో ధోవతి ముక్క మూట. రొట్టెలు మరిచిపోయినవని ఎవరితో అంటున్నాడో తెలియకుండా అని, మూట అమ్మ ముందు పెట్టాడు. ఎండకు అవి అప్పడాల్లా విరుగుతున్నాయి. రెండు రోజుల నాటి రొట్టెలను ఇంత దూరం మోసుకొచ్చిన మనిషిని అమ్మ ఎగాదిగా చూసింది. పెదవుల మీద నవ్వు ఆపుకుంటూ, “ఏడికి వోతున్నవయ్యా గిటు?” అంది.

బాపు చెప్పులు విడిచి అమ్మమ్మ మంచం పట్టె మీద కూర్చున్నాడు. “తొవ్వ పొడుగుత పదిమంది అడిగిండ్రు. ఎన్నిసార్లని ఎనుకకు రావాలె?” అన్నాడు. మంచం మీదనుంచి అమ్మమ్మ నవ్వింది. నెల రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలని మామ అన్నాడు. ఆ రొట్టెలను మజ్జిగలో నానబెట్టి అందరం తిన్నాం. అమ్మమ్మ కూడా రెండు ముక్కలు తింది. బతుకమ్మ పండుగ దాకా ఉండి, ఆ తరువాత పోయింది. చూడగలిగానన్న తృప్తి అమ్మకు మిగిలింది. నాకైతే చాలా ఏళ్లదాకా, ఆ రోజు అమ్మ నా తల మీద వేసిన చెయ్యే మిగిలింది. ఆ చెయ్యి లేకపోతే నా నోటిని నేను ఎప్పటికీ క్షమించుకునేదాన్ని కాదు.

బాపు తన పట్టింపు మానుకోలేదు సుమా. మొదటిసారి అడిగితే ఆ తరువాత కూడా వెనక్కి వచ్చి నీళ్లు తాగేవాడు. రెండోసారి అడిగితే వినబడనట్టు నడిచేవాడు. చొక్కా మేకు మాత్రం మళ్లీ ఎక్కలేదు. రాజవ్వ ఉన్నన్నాళ్లూ కొత్తగూడ నుంచి వచ్చేటప్పుడు ఆమెకు తునికి పండ్లో, కాస్త తేనెనో తెచ్చేవాళ్లం.

ఇప్పుడు జనగామలో మేముండే వీధిలో ఎవరూ ఎవరినీ ఏడికి అని అడగరు. కార్ల అద్దాలు మూసే ఉంటాయి. తోవ అడగాల్సిన పనీ లేదు, చేతిలో ఫోను చెబుతుంది. బాపు కోరుకున్న లోకం ఇదేనేమో, శకునాలు చెడగొట్టే నోళ్లు లేని లోకం. అయినా ఈ ఏడాదిగా ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఖాళీ వీధిని చూస్తుంటే, అడిగేవాళ్లు లేకనే కదలడం లేదేమోనని నాకు ఒక్కోసారి అనిపించేది. దూరంగా పోవాలంటే ఎవరైనా ఒకరు అడ్డం పడి, మన ప్రయాణాన్ని లెక్కచెయ్యాలి కాబోలు.

ఆదివారం పొద్దున శీను వచ్చాడు. తోవలో మంచి హోటళ్లున్నాయి, వంట పెట్టుకోకు అని ముందే చెప్పాడు. నేను వినలేదు, తెల్లవారి లేచి జొన్న రొట్టెలు చేసి మూటగట్టాను. బాపు స్నానం చేశాడు, చొక్కా వేసుకున్నాడు, మంచం మీద కూర్చున్నాడు. ఇక లేవలేదు. మోకాళ్లు అన్నాడు. మేము బతిమాలలేదు. కొత్తగూడ మీదుగా పోదామనుకున్నామని శీను మెల్లగా చెప్పాడు. బాపు లేచి చేతికర్ర అందుకున్నాడు. గేటుదాకా వచ్చాం. ఎదురింట్లో కొత్తగా దిగిన అమ్మాయి ముగ్గు వేస్తోంది. ఎక్కడినుంచో ఉద్యోగానికి వచ్చిన పిల్ల, మా పట్టింపులేవీ ఎరగదు. తలెత్తి, ఇన్నాళ్లూ కిటికీలో మాత్రమే చూసిన ముసలాయన బయటికి రావడం చూసి, సంతోషంగా అడిగేసింది, ఎక్కడికి తాతా అని.

శీనూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. బాపు చెయ్యి గేటు మీద ఆగింది. ఆయన ఇప్పుడు వెనక్కి తిరిగితే మళ్లీ ఈ గేటుదాకా రాడని నాకు తెలుసు. నీళ్ల కోసం లోపలికి పరుగెత్తాలా, ఇక్కడే నిలబడాలా తోచలేదు. బాపు మెల్లగా గేటు దాటి, వీధి అడ్డంగా నడిచి, ముగ్గు తొక్కకుండా ఆ అమ్మాయి ఎదుట నిలబడ్డాడు.

“మా లచ్చమ్మ తల్లిగారింటికి బిడ్డా. కొత్తగూడకు.”

ఆ పిల్ల జాగ్రత్తగా వెళ్లి రమ్మంది. బాపు తల ఊపి వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. నేను రొట్టెల మూట వెనక సంచిలో పెట్టబోతుంటే చెయ్యి చాపాడు. ఇచ్చాను. ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ దానిమీద వేసుకున్నాడు. మానుకోట దాటాక ఒకచోట ఆగి తిందామంటే, అక్కడికి పోయినంక అన్నాడు. కొత్తగూడ చేరేదాకా ఆ మూటను కింద పెట్టలేదు.